తంతి వార్తల నుంచి చార్జీల మోత దాకా: హెడ్డింగుల తెలుగు ఎవరి తెలుగు?

పాత తెలుగు పేపర్లు తిరగేస్తే ముందు నవ్వొస్తుంది. "తంతి వార్తలు" అని పైన పెద్ద అక్షరాలు. తంతి అంటే తీగ, ఆ తీగ మీద వచ్చిన టెలిగ్రాం కబురు. ఇప్పటి పిల్లకాయలకి చూపిస్తే "ఎవర్ని తంతారు?" అని అడుగుతారు. తమిళనాడులో ఉన్న మనవాళ్లకి మాత్రం ఆ మాట కొత్త కాదు. 1942లో మదురైలో మొదలైన దినతంతి ఇప్పటికీ టీకొట్టుకి రోజూ వస్తూనే ఉంది. మనం అటకెక్కించిన మాటను పక్కింటివాళ్లు పేరుగా పెట్టుకుని కాపాడారన్నమాట.

హెడ్డింగుల్లో నాకు అన్నిటికంటే వింతగా కనిపించేది చావు. పేపర్లో అందరూ ఒకేలా చావరు. భక్తుడైతే పరమపదిస్తాడు. పెద్దమనిషైతే దివంగతుడవుతాడు. నాయకుడైతే అస్తమిస్తాడు. సినిమా నటుడు కన్నుమూస్తాడు. లారీ కింద పడ్డ కూలివాడిది దుర్మరణం, వాడి పేరు కూడా హెడ్డింగులోకి రాదు, "ఇద్దరి మృతి" అని అంకెగా వస్తాడు. మన ఇళ్లలో రాజుకైనా రైతుకైనా ఒకటే మాట: "పోయినాడు". దీన్ని మోటు భాష అన్నారు. చావులో కూడా హోదా చూసే భాషేమో శిష్టభాష అయింది.

గ్రాంథికం పోయింది, వాడుక భాష వచ్చింది, ఇంక హెడ్డింగులు జనం మాటల్లోనే ఉన్నాయి అనుకుంటాం. అంత లేదు. "పట్టాలు తప్పిన రైలు", "కూలిన గోడ", "దగ్ధమైన గుడిసెలు". ఇట్లా ఎవరైనా మాట్లాడతారా? పొరుగింటావిడ పరిగెత్తుకుంటా వచ్చి "కూలిన గోడ!" అంటే, "ఆ, కూలిన గోడకి ఏమైందమ్మా?" అని మిగతా సగం కోసం చూస్తాం. ఆవిడ అనేది "గోడ కూలిపోయింది". పేపరు క్రియను ముందుకి లాగి విశేషణం చేసింది, వాక్యాన్ని మధ్యలోనే ఆపేసింది. తర్వాత వచ్చింది "వేత"ల వంశం: మూసివేత, కూల్చివేత, పట్టివేత. ఎవరు మూశారు, ఎవరు కూల్చారు అని అడగటానికి వీల్లేకుండా పని ఉంటుంది, చేసినవాడు ఉండడు. చోటు కలిసొస్తుంది, నిజమే. అయితే ఆ కలిసొచ్చిన చోటులో మాయమైంది ఎక్కువగా కర్తే.

ప్రాస గురించి కూడా చెప్పుకోవాలి. కరెంటు కోత, చార్జీల మోత, ధరల వాత. మెచ్చుకోవాల్సిందే, ఇవి అచ్చమైన తెలుగు మాటలు, చదువురాని అవ్వకి వినిపించినా అర్థమవుతాయి. గ్రాంథికం రోజుల్లో ఇంత చిన్న మాటకి హెడ్డింగులో చోటు దొరకడమే కష్టం. కానీ వందసార్లు వాత పెట్టాక వాత కాలదు. జనం నొప్పి ప్రాసగా మిగిలిపోయింది.

నా అసలు ఫిర్యాదు "అట" గురించి. హోసూరు వైపు ఒక లారీ పడితే "లారీ తిరగబడిండాదంట" అంటారు. పర్లాకిమిడి వైపు "లారీ బోల్తా కొట్టీసిందట" అంటారు. పేపరులో "లారీ బోల్తా". రెండు ఊళ్ల యాస వేరు, క్రియ వేరు, కానీ రెండింటి తోకా ఒకటే: అంట, అట. నేను చూళ్లేదు, విన్నాను అని చెప్పే తోక అది. మనవాళ్లు ఏ కబురు చెప్పినా ఆ ఒక్క మాటతో తమ బాధ్యత ఎంతవరకో చెప్పేస్తారు. పేపరు ఆ తోక కత్తిరించింది. కత్తిరించాక అనుమానం ఎక్కడ పెట్టాలో తెలీక ప్రశ్నార్థకం తగిలించింది: "మంత్రికి ఉద్వాసన?" ఇది అడుగుతున్నట్టా, చెప్తున్నట్టా? "మంత్రిని తీసేస్తారంట" అంటే ఏ గొడవా ఉండేది కాదు.

బయట రాష్ట్రాల్లో ఉన్న మనకి ఇంకో తమాషా. మన కళ్లు రెండు భాషల హెడ్డింగులు చదువుతాయి. బరంపురంలో ఒడియా పేపరు "శిక్షా మంత్రి" అంటే చదువుల మంత్రి. తెలుగు చెవికి మాత్రం బెత్తం పట్టుకున్న మంత్రి కనిపిస్తాడు. తెలుగు పేపర్లో "మంత్రి ఉపన్యాసం" అని చదివిన ఒడియా స్నేహితుడు, ఆయన నవల ఎప్పుడు రాశాడని అడుగుతాడు. కన్నడంలో ప్రమాదమంటే పొరపాటు, కాబట్టి మన "రైలు ప్రమాదం" వాళ్లకి రైలు చేసిన తప్పు. తమిళంలో "అవసర చట్టం" అంటే ఆర్డినెన్సు, అవసరమంటే అక్కడ తొందర. అవసరం లేకపోయినా తొందరగా తెచ్చిన చట్టాలు చూసినవాళ్లకి ఈ తేడా బాగా తెలుసు.

ఇన్నాళ్లూ నవ్వులాటగా చెప్పుకున్నా, ఇందులో ఒక బాధ ఉంది. పేపరు తెలుగే సరైన తెలుగు అనీ, మన ఇంటి తెలుగు కలగాపులగం అనీ మనమే నమ్మేశాం. చుట్టాలు వస్తే "మాది సరిగా రాదులెండి" అని ముందే తగ్గి మాట్లాడేవాళ్లు ఎంతమంది లేరు! చరిత్ర చూస్తే సంగతి తిరగబడుతుంది. ఆంధ్రపత్రిక 1908లో వారపత్రికగా పుట్టింది బొంబాయిలో, 1914లో దినపత్రికైంది మద్రాసులో. 1938లో ఆంధ్రప్రభ మొదలైందీ మద్రాసులోనే. వాడుక భాష కోసం పోరాడుతూ 1919లో "తెలుగు" పత్రిక పెట్టిన గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడి బడి పంతులు. 1936లో ఆ ఊరు ఒరిస్సాలో కలిసినప్పుడే ఆయన రాజమండ్రి వచ్చేశారు. ఆయన శిష్యుడు, "జనవాణి"లో వాడుక భాషను పత్రికకెక్కించిన తాపీ ధర్మారావు పుట్టింది బరంపురంలో. అంటే పేపరుకి నోటి మాట నేర్పినవాళ్లు ఈ పొలిమేరలవాళ్లే. ఆ పొలిమేర నోటిని ఇవాళ ఆ పేపరుతోనే కొలిచి తక్కువంటున్నాం.

పాత హెడ్డింగుల్ని చూసి నవ్వుకుందాం, తప్పులేదు. ఇంకో యాభై ఏళ్లకి "మూసివేత"ని చూసి కూడా ఎవరో నవ్వుతారు. "పోయినాడంట"ని చూసి నవ్వేవాళ్లు ఉండకపోవచ్చు, ఎందుకంటే దాన్ని రాసిపెట్టేవాళ్లే తక్కువ. ఇవాళ్టి పేపర్లో ఒక హెడ్డింగు తీసుకోండి, మీ ఇంట్లో పెద్దవాళ్లకి చదివి వినిపించండి, వాళ్లు దాన్ని పక్కింటికి ఎట్లా చెప్తారో అట్లాగే, తోకతో సహా, రాసి పంపండి. బళ్లారిదైనా, సోలాపూర్‌దైనా, యానాందైనా సరే.