మీరు కూర్చోండి!

లండన్‌లో రెండంతస్తుల బస్సెక్కినప్పుడల్లా మా అబ్బాయిది ఒకటే పాట: "అమ్మా, కిందే కూర్చో." కింద కొన్ని సీట్లు పెద్దవాళ్లకని రాసే ఉంటాయి. అరవై దాటాక పాసుతో ప్రయాణం కూడా ఉచితం. అయినా కడ్డీ పట్టుకుని, బస్సు కదలకముందే పైకి చేరిపోతాను.

ఈ మొండితనం జెర్రీ మోరిస్ అనే డాక్టరు గారి వల్ల అబ్బింది. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక ఆయన ఈ ఊళ్లోనే దాదాపు 31 వేల మంది రవాణా కార్మికుల గుండె జబ్బుల లెక్క తీశారు. ఒకటే బస్సు, ఒకటే పొగ. డ్రైవరు కూర్చునే ఉండేవాడు, కండక్టరు టికెట్లు కొడుతూ రోజుకు ఐదారు వందల మెట్లెక్కేవాడు. గుండెపోటు డ్రైవర్లకే ఎక్కువని 1953లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. తర్వాత ఆయన వాళ్ల యూనిఫాం ప్యాంట్ల నడుము కొలతలు కూడా తిరగేశారు. (దర్జీ లెక్కలతో వైద్యమన్నమాట!) డ్రైవర్లు చేరేనాటికే కాస్త లావు. కాబట్టి పుణ్యమంతా మెట్లదే అనలేం. మోరిస్ మాత్రం 99 ఏళ్లు బతికి, 2009లో పోయారు.

మన ఇళ్లలో గౌరవమంటే కూర్చోబెట్టడం. కిందటేడు ఊరెళ్తే, ఒకప్పుడు వాకిలంతా ముగ్గు పెట్టిన మా అక్క, పీట మీంచి లేవడానికి నా భుజం పట్టుకుంది. కోడలు బంగారం, ఏ పనీ ముట్టనివ్వదు.

ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ 65 దాటినవాళ్లకు వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవడం లాంటిదేదైనా చేయమంటుంది, రెండు రోజులైనా కండరాలకు పని పెట్టమంటుంది. అందులో నాకు నచ్చింది కుర్చీ వ్యాయామం. అంచున కూర్చుని, చేతులు ఆనించకుండా లేచి, మెల్లగా మళ్లీ కూర్చోవాలి. ఐదుసార్లు. డికాక్షన్ దిగేలోపు అయిపోతుంది. లేవడం ఏదో ఊపులో లేచేస్తాం. కష్టమంతా ఆ 'మెల్లగా'లోనే ఉంది, తొడలు వణుకుతాయి. మొదటివారం ఆఖరి జానెడూ దబ్బున కూలబడేదాన్ని.

ఇప్పుడు ఆదివారాలు వీడియో కాల్‌లో అక్క చేత చేయిస్తున్నాను. మొన్న నాలుగోసారి లేస్తుంటే వెనక నుంచి కోడలి గొంతు: "అయ్యో, అత్తయ్యా, మీరు కూర్చోండి!"

"ఆగమ్మా, కూర్చోడం కూడా ఇందులోదే," అంది అక్క, ఆయాసపడుతూ.