ఆర్‌ఎక్స్ 100 యంత్ర నిర్మాణం: ఔచిత్య పరిశీలన

వ్యాససంగ్రహం:
1985లో భారతదేశంలో విడుదలైన యమహా ఆర్‌ఎక్స్ 100 తెలుగువారి జ్ఞాపకంలో వేగానికి మారుపేరుగా నిలిచింది. 2018లో అజయ్ భూపతి దర్శకత్వం వహించిన తెలుగు చలనచిత్రం ఈ బండి పేరునే శీర్షికగా స్వీకరించింది. ప్రతీకగా ఇంత ప్రసిద్ధమైన ఈ వాహనాన్ని ఒక నిర్మాణంగా పరిశీలించి, అందులోని గుణదోషాలు ఒకే మూలం నుంచి పుట్టాయని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం. ఇందుకు క్షేమేంద్రుని ఔచిత్య భావనను ప్రమాణంగా గ్రహించడమైంది.

కీలక పదాలు: ఔచిత్యం, ఆర్‌ఎక్స్ 100, టూ స్ట్రోక్ ఇంజను, సైలెన్సర్, వృత్తిపదాలు, వరంగల్.

1. ఉపోద్ఘాతం:
11వ శతాబ్దికి చెందిన క్షేమేంద్రుడు ‘ఔచిత్యవిచారచర్చ’లో కావ్యానికి ప్రాణం ఔచిత్యమని ప్రతిపాదించి, దానిని 27 స్థానాలలో వివరించాడు. మొలనూలును మెడలో ధరిస్తే నగుబాటు తప్పదన్నది ఆయన చూపిన ఉదాహరణ. ఏ అంగమైనా తగిన చోట ఉన్నప్పుడే శోభిస్తుందన్న ఈ సూత్రం యంత్రానికీ వర్తిస్తుంది. యంత్రంలో ఒక భాగం విలువను నిర్ణయించేది తక్కిన భాగాలతో దానికున్న పొందికే.

2. పూర్వరూపాలు:
యమహా తొలి మోటారు సైకిలు వైఏ-1 (1955) జర్మనీకి చెందిన డీకేడబ్ల్యూ ఆర్‌టీ 125కు అనుసరణ. పొగగొట్టంలోని పీడన తరంగాలను శక్తిగా మలిచే విద్యను 1950లలో తూర్పు జర్మనీలోని ఎంజడ్ సంస్థలో వాల్టర్ కాడెన్ పరిణతికి తెచ్చాడు. ఆ సంస్థ రేసర్ ఎర్నెస్ట్ డెగ్నర్ 1961లో దేశం విడిచి సుజుకీలో చేరడంతో ఆ రహస్యం జపాన్‌కు చేరింది.

భారతదేశంలో ఎస్కార్ట్స్ సంస్థ యమహా సహకారంతో ముందుగా 1983లో రాజ్‌దూత్ 350ని తెచ్చింది. రెండు సిలిండర్లు, 347 సీసీలు గల ఆ బండి శక్తిలో మేటి అయినా, ధరలోనూ పెట్రోలు ఖర్చులోనూ ఆనాటి కొనుగోలుదారుకు భారమైంది. దేశకాలౌచిత్యం లోపించిన నిర్మాణంగా దానిని భావించవచ్చు. రెండేళ్లకు వచ్చిన ఆర్‌ఎక్స్ 100 అదే విద్యను దేశానికి తగిన పరిమాణంలోకి కుదించింది.

3. అంగాల పొందిక:
ఈ ఇంజను సిలిండరు వ్యాసం 50 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 50 మిల్లీమీటర్లు. ఘనపరిమాణం 98 సీసీలు. నిమిషానికి 7,500 భ్రమణాల వద్ద ఇది 11 అశ్వశక్తిని ఇస్తుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో ఉండే వాల్వుల యంత్రాంగం ఇందులో లేదు. సిలిండరు గోడలోని పోర్టులనే రంధ్రాలను పిస్టనే తెరుస్తుంది, పిస్టనే మూస్తుంది. అందువల్ల ప్రతి భ్రమణంలోనూ ఇంధనం మండుతుంది. పై వేగంలో ఇది సెకనుకు 125 సార్లు జరుగుతుంది. ఫోర్ స్ట్రోక్‌లో జరిగేది అందులో సగమే. 1985లోనే వచ్చిన 97 సీసీల హీరో హోండా సీడీ 100 శక్తి సుమారు 7 అశ్వశక్తి మాత్రమే.

బండి బరువు సుమారు 100 కిలోలు. అంటే ఒక్కో అశ్వశక్తి మోయవలసింది 9 కిలోల చిల్లర. చిన్న ఇంజను, నాలుగు గేర్లు, తేలికైన చట్రం పరస్పరం పోషించుకున్నాయి. అయితే రెండు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే అమర్చడం ఈ పొందికకు భంగకరం. వేగాన్ని పెంచడంలో చూపిన శ్రద్ధ దాన్ని అదుపు చేయడంలో కనిపించదు.

4. సైలెన్సర్ స్థానం:
సైలెన్సర్‌ను కేవలం చప్పుడు తగ్గించే సాధనంగా భావించడం పొరపాటు. టూ స్ట్రోక్‌లో అది ఇంజనులో ఒక భాగం. పొగ వెలువడే రంధ్రం తెరుచుకోగానే ఒక పీడన తరంగం గొట్టంలో ప్రయాణిస్తుంది. గొట్టం విప్పారే చోటు నుంచి తిరిగివచ్చే తరంగం కాలిన వాయువును బయటికి లాగుతుంది. సన్నబడే చోటు నుంచి తిరిగివచ్చే తరంగం, తప్పించుకుపోతున్న తాజా మిశ్రమాన్ని మళ్లీ సిలిండరులోకి నెడుతుంది.

తరంగానికి పట్టే కాలం గొట్టం పొడవును అనుసరించి దాదాపు స్థిరం. కనుక ఈ సాయం ఇంజను ఒక వేగ పరిధిలో ఉన్నప్పుడే అందుతుంది. బండి ఒక్కసారిగా ముందుకు దూకినట్లు అనిపించడానికి కారణమిదే. దానినే లోకం పికప్ అంటుంది. తెలంగాణ వ్యవహారంలో ‘బండి గుంజుతది’ అంటారు. చప్పుడు కోసం సైలెన్సర్‌ను కోసి, లోపలి భాగాలను తొలగించేవారు ఈ గుంజుడునే పోగొట్టుకుంటున్నారు. క్షేమేంద్రుడు చెప్పిన మెడలోని మొలనూలు ఇటువంటిదే.

5. గుణదోషాల ఏకమూలత:
పొగ పోయే రంధ్రమూ, తాజా మిశ్రమం వచ్చే రంధ్రాలూ కొంతసేపు ఏకకాలంలో తెరిచి ఉంటాయి. ఎంత నేర్పుగా నిర్మించినా కొంత ఇంధనం మండకుండానే వెలుపలికి పోతుంది. కందెన నూనె కూడా పెట్రోలుతో పాటు కాలుతుంది. వాల్వులు లేకపోవడం వల్ల వచ్చిన తేలికదనానికీ చురుకుదనానికీ చెల్లించిన మూల్యం ఈ పొగే. ఉద్గార నిబంధనలు కఠినమవుతున్న దశలో, 1996లో ఈ బండి తయారీ ముగిసింది.

ఈ నిర్మాణ జ్ఞానం చిత్ర శీర్షికకు కొత్త అర్థాన్నిస్తుంది. శివ పాత్రలోని ప్రేమ తీవ్రతా ఆత్మవినాశమూ ఒకే స్వభావం నుంచి వచ్చినవి. శీర్షికను దుడుకుదనానికి సంకేతంగా మాత్రమే గ్రహిస్తే ఈ సామ్యం జారిపోతుంది.

6. భాషాపరమైన అవసరం:
దేశంలోని తొలి ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల 1959లో వరంగల్‌లో వెలిసింది. 1976లో ఇక్కడే కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. యంత్రశాస్త్రానికీ తెలుగు పరిశోధనకూ నెలవైన ఈ నగరంలో ఆ రెంటినీ కలిపే భాష మెకానిక్ షెడ్డులో ఉంది. బోరు పోవడం, పిస్టన్ పట్టేయడం, బండి గుంజడం వంటి ప్రయోగాలు చెవితో, చేతితో సంపాదించిన జ్ఞానానికి రూపాలు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం సేద్యపు పదాలను భద్రపరిచింది. ఆ శ్రద్ధ మరమ్మతు వృత్తికీ అవసరం. టూ స్ట్రోక్ బండ్లు రోడ్ల మీద అరుదవుతున్న కొద్దీ, వాటిని శబ్దంతోనే గుర్తుపట్టి బాగుచేసే చేతులూ తగ్గిపోతాయి. వాటితో పాటే ఆ మాటలూ పోతాయి.

7. ఉపసంహారం:
ఆర్‌ఎక్స్ 100 గొప్పతనం అంకెల్లోని శక్తి కంటే అంగాల పొందికలో ఉంది. దాని పతనానికీ ఆ పొందికకు ఆధారమైన నిర్మాణమే కారణమైంది. వరంగల్ షెడ్లలోని టూ స్ట్రోక్ పదజాలాన్ని తెలుగు, యంత్రశాస్త్ర విభాగాలు కలిసి సేకరించడం ఈ పరిశీలనకు తక్షణ కొనసాగింపు కాగలదు.