కిలోమీటరుకు జానెడు

సైకిలు మీద యూరప్ తిరిగొచ్చినవాళ్ళు ముందుగా కొండల కబుర్లే చెబుతారు. మధ్యధరా సముద్రం వైపు దిగే నదుల లోయలు, గుట్టల మీద ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కట్టిన రాతి ఇళ్ళు, పూటంతా ఎక్కితే పది నిమిషాల్లో అయిపోయే దిగుడు. యానాం వాళ్ళకి ఈ కబుర్లు కొత్త కావు. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉన్న ఊరది, ఫ్రాన్సులో స్థిరపడిన చుట్టాలున్న కుటుంబాలు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి. అయితే యానాంలో సైకిలెక్కినవాడికి ఎక్కడానికి కొండంటూ దొరకదు. గౌతమి ఏటిగట్టు పట్టుకుని ధవళేశ్వరం దాకా తొక్కినా గేరు మార్చే అవసరం రాదు. యానాం అనగానే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి చవక పెట్రోలు, మందు షాపులు గుర్తొస్తాయి. సైకిలుకి ఆ రెండూ అక్కర్లేదు కాబట్టి ఇక చూడ్డానికేముందని అడిగేవాళ్ళు చాలామంది.

ఉన్నది ఆ చదునే. దాని వెనక ఎంత పనితనం దాగుందో తెలుసుకోవడానికి సైకిలు కంటే మంచి సాధనం నాకు తోచలేదు.

ఒక లెక్క చూద్దాం. రాజమండ్రి సముద్రమట్టానికి 14 మీటర్ల ఎత్తున ఉంది. ధవళేశ్వరంలో బయల్దేరి కడియపులంక, జొన్నాడ, కపిలేశ్వరపురం, కోటిపల్లి మీదుగా యానాం చేరాలంటే సుమారు 70 కిలోమీటర్లు. యానాం ఇంచుమించు సముద్రమట్టమే. అంటే కిలోమీటరుకు 20 సెంటీమీటర్ల వాలు, జానెడు! పిక్కలకి తెలియదు, కంటికి ఆనదు. లక్షల ఎకరాలకు నీళ్ళు అందాల్సింది ఆ జానెడు మీదే. వాలు కాస్త ఎక్కువిస్తే కాలవ తన గట్టును తానే కోసేసుకుంటుంది. తక్కువిస్తే ఒండ్రు పేరుకుపోయి పూడిపోతుంది. దీనికి తోడు ఆర్థర్ కాటన్ ఈ కాలవలను రెండు పనులకు తవ్వించాడు, పొలానికి నీరు, పడవకి దారి. పొలానికైతే నీళ్ళు పారుతుండాలి. పడవకైతే, అందులోనూ ఎగువకి వెళ్ళే పడవకి, నీళ్ళు నిలకడగా ఉంటేనే సుఖం. ఒకే కాలవలో ఈ రెండూ కుదరాలంటే దొరికిన కాస్త వాలునీ పొలానికో, పడవకో చూసి చూసి ఖర్చు పెట్టాలి. కొంత కాలవ పొడుగునా పరిచి, మిగిలినదాన్ని అక్కడక్కడా ఒక్కచోట దించేశారు. ఆ దించిన చోట్లే లాకులు.

డెల్టాలో పుట్టినవాళ్ళకి లాకులంటే బస్సు స్టాపు పేరు. దిగి చూసేవాళ్ళు తక్కువ. ఎండాకాలం కాలవలు కట్టేసినప్పుడు లాకు దగ్గర సైకిలు ఆపితే, మిగతా ఏడాది నీళ్ళలో మునిగి ఉండే పని కూడా బయటపడుతుంది. రెండు రాతిగోడల మధ్య పడవ పట్టేంత తొట్టి, ఆ చివరా ఈ చివరా రెండేసి తలుపులు. మూసినప్పుడు రెండు రెక్కలూ తిన్నగా ఒకే గీతలోకి రావు, ఎగువకి మొన తేలి కలుస్తాయి. వాటికి గడియ లేదు. ఎగువ నీళ్ళ బరువే రెండు రెక్కల్నీ ఒకదానిమీదికొకటి అదిమిపెడుతుంది. నీరు పెరిగేకొద్దీ పట్టు బిగుస్తుంది. తెరవడానికి బలం పనికిరాదు. చిన్న తూము ఎత్తి అటూ ఇటూ నీటిమట్టం సమానమయ్యేదాకా ఆగితే, అంతకుముందు పదిమంది తోసినా కదలని తలుపు ఇద్దరికి లొంగుతుంది.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టేది మాత్రం తలుపు తిరిగే మూల. గోడ అంచున రాయిని నిలువునా సగం గొట్టం ఆకారంలో తొలిచి ఉంటారు. తలుపు నిలువుదూలం ఆ గాడిలో ఆనుకుని తిరగాలి. వదులుంటే నీళ్ళు కారిపోతాయి, బిగిస్తే తలుపు కదలదు. ఆ గాడి ఒక్క రాతిలో చెక్కినది కూడా కాదు. వరస మీద వరస పేర్చిన రాళ్ళన్నిటిలోనూ ఒకే గుండ్రన, ఒకే నిలువు పాటిస్తూ అడుగుదాకా దిగాలి. కొయ్య నీళ్ళలో ఉబ్బుతుందని వడ్రంగికి తెలుసు, రాయి ఉబ్బదని రాతిపనివాడికి తెలుసు. ఆ ఇద్దరూ ఒక్క కొలత మీద రాజీపడ్డ జాగా అది. వేలు పెట్టి తడిమి చూస్తే ఉలి నునుపు ఎంత తేరిందో తెలుస్తుంది.

ఇలాంటి తలుపులు కాటన్ కంటే ఎన్నో ఏళ్ళ ముందే యూరప్‌లో ఉన్నాయి. ఫ్రాన్సు దక్షిణాన పియెర్ పోల్ రికే 1666లో మొదలుపెట్టించిన మిది కాలవ 1681లో తెరుచుకుంది. తులూజ్ నుంచి మధ్యధరా తీరంలోని తో సరస్సు దాకా 240 కిలోమీటర్లు. ఒకప్పుడు గుర్రాలు పడవల్ని లాగిన ఆ గట్ల మీద ఇప్పుడు సైకిలు యాత్రికులు వెళ్తుంటారు. అక్కడి లాకు గోడలు తిన్నగా ఉండవు, కోడిగుడ్డులా పక్కలకి ఉబ్బి ఉంటాయి. మొదట్లో కట్టిన తిన్నని గోడ మట్టి ఒత్తిడికి లోపలికి కూలితే, రికే ఆ ఒత్తిడికి ఎదురు నిలిచేలా గోడను వంచేశాడు. అందమైన పని, సందేహం లేదు. కానీ ఆ కాలవ ముఖ్యంగా పడవ కోసం, 190 మీటర్ల ఎత్తు దాటించడం కోసం కట్టింది. మన కాలవ పడవనూ మోయాలి, చివరి చేనుకీ తడి అందించాలి. నన్నడిగితే మనదే కష్టమైన లెక్క.

ఇంకో సంగతి జీను మీద కూర్చుంటేనే తెలుస్తుంది. కారులోంచి కనపడదు. కాలవగట్టు మీద వెళ్తూ రెండు పక్కలా చూస్తే వరిచేలు కాలవ నీటికన్నా కిందుంటాయి. లోతున పారాల్సిన నీళ్ళు పైన పారుతున్నాయేమిటని కొత్తవాళ్ళకి వింతగా ఉంటుంది. డెల్టాలో భూమి తీరే అంత. వరద పొంగి ఒడ్డు దాటగానే వేగం తగ్గి, మోసుకొచ్చిన ఒండ్రంతా ముందు ఒడ్డునే దింపేస్తుంది. అలా వేల ఏళ్ళు జరిగాక నదీపాయల వెంట నేల మెరకైంది, వాటి నడుమ పల్లమైంది. కాటన్ మనుషులు ఆ మెరకను వెతికి దాని వెన్ను మీదే కాలవ తీశారు. అక్కణ్ణించి తూము ఎత్తితే చాలు, నీళ్ళు రెండువైపులా వాటంతటవే దిగుతాయి. పల్లాన్ని మురుగుకి వదిలేశారు. గోదావరి ఏడు పాయల్లో ఒకటని పురాణాలు చెప్పే తుల్యభాగ ఈరోజు మురుగు కాలవగా పారేది అందుకే. మరో పాయ ఆత్రేయ, కోరంగి నది అన్న పేరుతో, యానాం దగ్గరే గౌతమి నుంచి విడిపోతుంది. చొల్లంగి అమావాస్య నాడు మొదలుపెట్టి అంతర్వేది ఏకాదశి దాకా ఈ పాయలు సముద్రంలో కలిసే చోట్లన్నిటా స్నానాలు చేస్తూ తిరిగే సప్తసాగర యాత్ర మన పెద్దలది. డెల్టా చుట్టి రావాలన్న కోరిక సైకిలుతో పుట్టింది కాదు.

కాలవలన్నిటికీ తల ధవళేశ్వరం. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట నాలుగు ముక్కలు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. మధ్యలో లంకలు. కింద ఇసుక, ఎంత తవ్వినా ఇసుకే. రాయి తగిలేదాకా దిగుదామనుకుంటే ఆ పని ఎన్నటికీ తెమిలేది కాదు. ఇసుకలోకి లోతు తక్కువ బావులు దింపి, వాటి మీద గోడలు లేపి, దిగువన నీళ్ళు విరుచుకుపడే చోట పెద్దపెద్ద బండలు గుమ్మరించారు. వరదకి బండలు కుంగితే మళ్ళీ పోశారు, కుంగీ కుంగీ ఒకచోట సర్దుకుని నిలిచాయి. ఇసుకలో పునాది నిలపడం తాము కావేరి మీది కల్లణై కట్టిన పాతకాలపు పనివాళ్ళ దగ్గర నేర్చుకున్నదేనని కాటనే ఒప్పుకున్నాడు. ఆ నిజాయితీ ఆయన విగ్రహాల కింద చెక్కించదగ్గది. పదివేల మంది దాకా కూలీలను కూర్చి, నిలిపి, పని నడిపించడంలో వీణం వీరన్న చెయ్యి పెద్దది. ఆయన పేరు కాటన్ పేరు పక్కన రావాలి, ఎప్పుడోగాని రాదు. ఇప్పుడు మనం దాటే 175 గేట్ల బరాజు ఆ ఆనకట్ట స్థానంలో గత శతాబ్దం చివర్లో వచ్చింది.

ఓపిక మిగిలితే యానాం నుంచి బాలయోగి వారధి దాటి ఎదుర్లంక, అమలాపురం మీదుగా పి.గన్నవరం వెళ్ళండి. అక్కడ కాలవ నదిని దాటుతుంది. వైనతేయ మీద ఒక్కొక్కటి 40 అడుగుల చొప్పున 49 కమానులు వేసి, హేగ్ అనే ఇంజినీరు ఆ కాలవను నగరం సీమకి నడిపించాడు. కింద వరద, పైన సాగునీరు. ప్రతి కమానూ పక్కదాన్ని తోస్తుంటుంది, పక్కది తిరిగి దీన్ని తోస్తుంది. ఆ తోపుల లెక్క సరిపోయింది కాబట్టే దాదాపు 150 ఏళ్ళ వరదల్ని కాచుకుంది. 2000లో పక్కనే కట్టిన కొత్త అక్విడెక్టుకి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. దారిన పోయేవాళ్ళకి వేళ కాని వేళలో కూడా వండి పెట్టిన ఇల్లాలి పేరు అది. బాటసారులకి ఆవిడకన్నా దగ్గరివాళ్ళెవరు?

వెళ్ళదలచుకున్నవాళ్ళకి రెండు మాటలు. మన దగ్గర ఎదురు కొండ ఉండదుగాని ఎదురుగాలి ఉంటుంది. మధ్యాహ్నం తిరిగేసరికి సముద్రపు గాలి లేస్తుంది, ధవళేశ్వరం నుంచి యానాం వచ్చేవాడికి అది ముఖాన కొడుతుంది. అటు నుంచి ఇటు వచ్చేవాళ్ళు చీకటితోనే బయల్దేరడం మేలు. యానాం నుంచి వెళ్ళేవాళ్ళకి అదే గాలి వెనక నుంచి తోస్తుంది. కాలవ నిండుగా, గాలి చల్లగా ఉండాలంటే సంక్రాంతి రోజులు, కట్టడం అడుగుదాకా చూడాలంటే కాలవలు కట్టేసే ఎండాకాలం. రెండోదానికి టోపీ, మంచినీళ్ళు, కొంచెం మొండితనం కావాలి.

నీటిపారుదల శాఖవారికి ఒక మనవి. కాలవల మీద మిగిలిన ప్రతి లాకు దగ్గరా ఒక రాతిపలక నాటించండి. కట్టిన ఏడాది, ఎగువకీ దిగువకీ మట్టంలో తేడా ఎన్ని అడుగులో తెలుగులో రాయించండి. రెండు వాక్యాలు చాలు, ఖర్చూ పెద్దది కాదు.