దయకు మార్కులేసేదెవరు?

వైద్యం చదివేవాళ్లకు మార్కులుంటే చాలదు, మనసుండాలంటారు. ఈ మాటను మేమూ కాదనం. ఆ మనసును తూచే తక్కెడ ఎవరి చేతిలో ఉంటదన్నదే మా ప్రశ్న.

కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2004లో ఒక ఇంటర్వ్యూ పద్ధతిని ప్రకటించారు. అభ్యర్థి పది గదులు తిరగాలి. ఒక్కో గదిలో ఎనిమిది నిమిషాలు. కొన్ని గదుల్లో నటులుంటారు. అభ్యర్థి వాళ్లతో ఎట్లా మెలిగాడో చూసి పరీక్షకులు మార్కులేస్తారు. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లోనూ ఈ పద్ధతి వాడుకలో ఉంది. ఒక్క మనిషి ఇష్టాయిష్టాల మీద సీటు తేలకపోవడం ఇందులోని మంచి. కానీ ఆ పదిమందీ ఒకే వాడ నుంచి వస్తే? అప్పుడు పది అభిప్రాయాలుండవు, ఒకే అభిప్రాయం పదిసార్లు నమోదవుద్ది.

తొలినాటి సన్నివేశాల్లో ఒకటి చూడండి. ఆఫీసు పని మీద విమానంలో పోవాల్సిన తోటి ఉద్యోగినికి విమానమంటే భయం. ఆమెతో మాట్లాడాలి. జగ్గయ్యపేట పక్క పల్లెలో మిరపకోతలకు పోయే తల్లి కూతురు ఈ గదిలో తడబడితే, ఆమెకు దయ లేదని రాస్తారా? గూడెంలో ముసలమ్మకు జ్వరమొస్తే ఆటో ఎక్కించి నందిగామ ఆసుపత్రికి తీసుకుపోయేదీ, చీటీ రాయించేదీ, ఏ మాత్ర ఎప్పుడు మింగాలో చెప్పేదీ ఆ పిల్లే. ఆ పనికి మార్కులేసే గది ఎక్కడుంది?

ఇంటర్వ్యూ అంటే మనకు అనుమానం ఊరికే రాలేదు. శ్రీనగర్ ఇంజనీరింగ్ కాలేజీ ప్రవేశాల్లో 150 మార్కులకు 50 ఇంటర్వ్యూకే పెట్టారు. రెండు మూడు నిమిషాల్లో తల్లిదండ్రులెవరు, ఊరేది అని అడిగి పంపారని విద్యార్థులు కోర్టుకు చెప్పుకున్నారు. 1980లో అజయ్ హసియా కేసులో సుప్రీంకోర్టు ఇంటర్వ్యూకి 15 శాతం మించి మార్కులివ్వడం నిరంకుశమని తేల్చింది. ఊరు, తండ్రి పేరు చెబితే మనకాడ కులం చెప్పినట్టే.

అట్లాగని నీట్ ర్యాంకే న్యాయమని మేం అనడంలేదు. లాంగ్‌టర్మ్ కోచింగ్ ఫీజు కట్టగలిగిన ఇంటికీ, కట్టలేని ఇంటికీ ఆ ర్యాంకు ఒకటి కాదు. కానీ ర్యాంకులో తప్పు జరిగితే కాగితం చూపి అడగొచ్చు. 'నీ తీరు బాగాలేదు' అన్నవాణ్ణి ఏం చూపి అడగాలి?

ఎంబీబీఎస్ పాఠ్యక్రమంలో 2019 నుంచి వైఖరి, నీతి, సంభాషణ పాఠాలున్నాయి. చేరాక నేర్పగలిగినదాన్ని గడప దగ్గరే అడ్డం పెట్టడమెందుకు? రేపు ఈ నటనా పరీక్ష ఇక్కడికీ వస్తే మేం అడిగేవి మూడు. సన్నివేశం తెలుగులో ఉండాలి. మార్కులేసేవాళ్లలో దళితులుండాలి. ఏ మార్కు ఎందుకు తగ్గిందో రాతలో ఇవ్వాలి.

సన్నివేశం ఒకటి మేమే ఇస్తాం. మంచం మీద రోగి, నాడి చూడబోయిన పిల్లను 'మీరేవుట్లమ్మా?' అని అడిగి చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. ఈ గదిలోకి ముందు పరీక్షకుల్ని పంపండి.