లూసర్న్ మడికి ముహూర్తం

గడ్డి కోయడంలో పనితనమేముందని అడిగేవాళ్ళతో నేను వాదన పెట్టుకోను. లూసర్న్ మడి దగ్గరికి తీసుకెళ్ళి, వంగి మొక్క మొదలు చూడమంటాను. మా వైపు ఈ పంటను ఏళ్ళ తరబడి కోస్తున్న పెద్దమ్మ ఒకామె ఉంది. ఆమెకు క్యాలెండరుతో పనిలేదు. మడిలో నాలుగుచోట్ల కూర్చుని మొక్కలు విడదీసి చూస్తుంది. పదింట ఒకదానికి ఊదాపువ్వు విచ్చిందా? నేలనంటి కొత్త పిలకలు తలెత్తాయా? రెండూ కుదిరితేనే కొడవలి తీస్తుంది. నేలకు మూడు వేళ్ళ ఎత్తున, ఒక్క పిలక తల తెగకుండా ఆమె కోసుకుపోతుంటే పక్కన నిలబడి చూడటం నాకు కచేరీ విన్నట్టే ఉంటుంది.

వ్యవసాయ శాస్త్రవేత్తల లెక్కా ఇంచుమించు ఇదే. విత్తిన 55-60 రోజులకు తొలి కోత, ఆపైన 25-30 రోజులకొకటి. ఆ రోజులు ఎందుకంటే, కోసిన మొక్కకు ఆకు ఉండదు, ఆకు లేకపోతే తిండి తయారుకాదు. కొత్త చిగురు వేరులో దాచిన పిండిపదార్థం తినే పైకి లేస్తుంది. రెండు వారాలపాటు వేరుకు ఖర్చే తప్ప రాబడి లేదు. చిగురు జానెడు ఎదిగాక ఆకులు సంపాదించి వేరుకు పంపడం మొదలెడతాయి. పూత పట్టేసరికి గాదె నిండుతుంది. ఇరవై రోజులకే కొడవలి పెట్టారా, పాత అప్పు తీరకముందే కొత్త అప్పు. మొదటి రెండు కోతలు వెన్నలా ఉంటాయి, గేదె మురిసిపోతుంది, రైతూ మురిసిపోతాడు. తర్వాత మొక్కలు పలచబడి మధ్యలో తుంగా గరికా దిగుతాయి. ఏడాది మొత్తం మీద తూకమూ తగ్గుతుంది.

సరే, నలభై అయిదు రోజులు ఆగితే? మోపు బరువెక్కుతుంది, కానీ ఆ బరువంతా కాడదే. ఈ మొక్కలో మాంసకృత్తులు కాడలో కంటే ఆకులో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఆలస్యం చేస్తే కింది ఆకు పండి రాలిపోతుంది. ఎండు బరువులో మొగ్గ దశలో నూటికి ఇరవై దాకా ఉండే మాంసకృత్తులు నిండు పూత నాటికి పదిహేను దగ్గరికి జారతాయి. పీచు ముదిరి, గేదె నమిలిందే నమిలి సగం గాటిలో వదిలేస్తుంది. పైగా ఈలోగా ఎదిగిన కొత్త పిలకలు కూడా పాత కాడలతోపాటే తెగుతాయి.

ఎండాకాలంలో పూత తొందరగా వచ్చేస్తుంది, చలికి మొండికేస్తుంది. అప్పుడు పువ్వును నమ్మకుండా పిలకను నమ్మాలి. పెద్దమ్మకు ఇది ఎవరు చెప్పారో!

ఈ గడ్డి పారశీకం నుంచి గుర్రాల వెంట లోకమంతా తిరిగిందంటారు. తమిళులైతే ఇప్పటికీ 'కుదిరై మసాల్' అని గుర్రం పేరుతోనే పిలుస్తారు. ఒకటో శతాబ్దపు రోమన్ వ్యవసాయ గ్రంథకర్త కొలుమెల్లా దీన్ని ఎంత పొగిడాడో! ఒకసారి విత్తితే పదేళ్ళు నిలుస్తుంది, ఏడాదికి నాలుగు, ఒక్కోసారి ఆరు కోతలిస్తుంది అన్నాడు. తొలి కోత మాత్రం కొంత గింజ రాలేదాకా ఆపమన్నాడు. మహానుభావుడు! ఆ తర్వాత ఎంత లేతగానైనా కోసుకోవచ్చన్నాడే, అక్కడే ఆయనతో నాకు పేచీ. అలవాటు లేని పశువుకు కొద్దికొద్దిగా పెట్టండి, కడుపు ఉబ్బుతుంది అని కూడా ఆనాడే హెచ్చరించాడు. ఇప్పటికీ మంచి రైతు కోసిన గడ్డిని వాడ్చి, చొప్పలో కలిపే వేస్తాడు. 1857లో జర్మనీ నుంచి అమెరికాలోని మిన్నెసోటాకు వలసవెళ్ళిన వెండెలిన్ గ్రిమ్ ఇంకో ఘనుడు. చలికి చచ్చినవి చావగా మిగిలిన మొక్కల గింజే మళ్ళీ మళ్ళీ విత్తి, మంచుకు తట్టుకునే రకాన్ని నిలబెట్టాడు.

అలాంటి పంటకు మన దగ్గర పట్టిన గతి చూస్తే కడుపు మండుతుంది. రోజుకూలీకి కోసేవాడికి మడి ఎన్నేళ్ళు బతికితే ఏం? పిలకలతో సహా చెక్కేస్తాడు. దశరథ గడ్డికి 'హెడ్జ్ లూసర్న్' అని పేరుంది కదా అని దాని గింజనే లూసర్న్ అని అంటగట్టేవాళ్ళున్నారు. రెండూ వేర్వేరు మొక్కలు బాబూ! నేనే ఒకసారి ఒక కొట్లో (పేరెందుకులెండి) చవగ్గా దొరికిందని గింజ కొన్నాను. నెలన్నరకి మడంతా బంగారు తీగ అల్లుకుంది. ఆకూ వేరూ లేని ఆ పరాన్నజీవి గింజ లూసర్న్ గింజల్లో కలిసిపోతే కంటికి ఆనదు. అల్లుకున్నచోటల్లా మొక్కలతో సహా కోసి తగలబెట్టాను. ఇక సూపర్ నేపియర్ మోజు. తూకంలో దాన్ని మించింది లేదు, ఒప్పుకుంటాను. పాలు ఇచ్చేది తూకమా? రోజూ దాన్నే మేపి, దాణా బస్తాలకు డబ్బు పోసి, పాడి గిట్టడం లేదంటే నేను వినను. ఎకరం నేపియర్ వేసినవాళ్ళు పదిసెంట్లు లూసర్న్‌కి వదలండి, చాలు.

మొన్న వెళ్ళేసరికి పెద్దమ్మ మడిలో ఒక చెక్క నిండుగా ఊదారంగు తేలి ఉంది. మోపులు కొనడానికొచ్చిన కుర్రాడు "ఏందవ్వా, ఇట్ల ముదరబెట్టినావు?" అన్నాడు.

"యాడాదికొక తూరి అంతే నాయనా. ఆ కోత నీ గేదెకు గాదు, దాని యేరుకు. నీది ఆ పక్క చెక్కలో ఉండాది, పో."