పంతొమ్మిదో నెల పాట

అమ్మ మా వీధి చీటీలో ఉండేది. ఇరవై మంది, నెలకు ₹5,000, లక్ష చీటీ. పాట మా వసారాలోనే. లెక్క రాసే పని నాది. ఎవరు ఎక్కువ వదులుకుంటామంటే చీటీ వాళ్లది. ₹25,000 దగ్గర పాట ఆగితే పాడుకున్నవాళ్ల చేతికి ₹75,000. వదులుకున్నదాంట్లో చీటీ నడిపే ఆవిడ కమిషన్ ₹5,000 పోగా తలా వెయ్యి వచ్చేది. ఆ నెల నాలుగు వేలు కడితే సరి.

ఎం.ఏ.లో గేమ్ థియరీ చదువుతూ, విలియం విక్రీ 1961లో వేలంపాటల మీద రాసిన వ్యాసం దగ్గర ఆగిపోయాను. బహిరంగ వేలంలో అవతలివాళ్ల మనసు చదవక్కర్లేదు. వస్తువు నీకు ఎంత విలువైతే అంతవరకు పాడు, అది దాటితే ఊరుకో. రెండో మనిషి తప్పుకున్నచోట పాట ఆగుతుంది. ఎంత అందమైన ఆలోచన!

మా వసారాలో ఆ సూత్రం నిలవలేదు. మామూలు వేలంలో ఓడినవాళ్లు ఉత్తచేతులతో ఇంటికి పోతారు. చీటీలో వాళ్లకూ వాటా ఉంది. అవసరంలో ఉన్న మనిషి ఎంత వదులుకుంటే మిగతావాళ్లకు అంత లాభం. అందుకే డబ్బు అక్కర్లేనివాళ్లూ పాట పెంచుతారు. జూన్‌లో ఎవరింట్లో ఫీజులు కట్టాలో, ఎవరింట్లో పెళ్లి ఉందో వీధిలో అందరికీ తెలుసు. ఒకటే భయం, అవతలివాళ్లు చటుక్కున ఆగిపోతే చీటీ మన మెడకు చుట్టుకుంటుంది.

మరి అందరూ చివరిదాకా ఎందుకు లాగరు? 2005లో నోబెల్ అందుకున్న రాబర్ట్ ఆమన్ సిద్ధాంతంలో జవాబుంది: అదే మనుషులు మళ్లీ మళ్లీ ఎదురుపడే ఆటలో ఈ రోజు చూపిన దయ రేపు తిరిగొస్తుంది. ఆట ముగిసేది ఫలానా రోజునే అని తెలిస్తే మాత్రం ఆ లెక్క సడలిపోతుంది.

పంతొమ్మిదో నెలకు చీటీ ఎత్తనివాళ్లు ఇద్దరే మిగిలారు: అమ్మ, భర్తను ఆసుపత్రిలో చేర్చిన ఎదురింటి అక్క. ఇరవయ్యో నెలలో పాట ఉండదు. ఆ తర్వాత అక్కావాళ్లు ఊరు మారుతున్నారని కూడా అమ్మకు తెలుసు. కొత్త చీటీలో మళ్లీ కలుస్తారని సర్దిచెప్పుకోవడానికి కూడా లేదు.

అక్క కమిషన్ వరకే, ఐదు వేలకు పాడింది. అందరూ అమ్మ వైపు చూశారు.

"నాకొద్దమ్మా, నువ్వు తీసుకో."

పంచుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఆ నెల ఇరవై పేర్ల ఎదుటా ₹5,000 అనే రాశాను. ఒక్కరూ గొణగలేదు.