గుహలలోని గురుతులు

కెనడా దేశపు విదుషి జెనెవీవ్ వాన్ పెట్సింగర్ 2016వ సంవత్సరమున ప్రకటించిన 'ది ఫస్ట్ సైన్స్' అను గ్రంథమును మా చదువరుల దృష్టికి దెచ్చుచున్నాము. ఐరోపాలోని హిమయుగపు గుహలలో దున్నలను, గుఱ్ఱములను జూచి యబ్బురపడనివారు లేరు. వాని ప్రక్కనే యున్న చుక్కలను, గీతలను, నిచ్చెనలను శ్రద్ధతో లెక్కించినవారు మాత్రము కొలదిమంది. ఈమె 52 గుహలను స్వయముగా జూచి, సుమారు ముప్పదివేల యేండ్ల కాలమున నచ్చటివారు వాడిన గురుతులు 32 మాత్రమే యని తేల్చెను. మనసు పోయినట్లు గీచినవైనచో నింత తక్కువగునా యని యామె ప్రశ్న. వీనిలో పెక్కు మొదటినుండియు వాడుకలో నున్నవి గనుక, ఈ యలవాటు ఆఫ్రికాలోనే పుట్టియుండుననియు నామె యూహించినది.

ఈ వాదము మాకు పూర్తిగా రుచింపలేదు. చుక్కయు గీతయు బొగ్గుముక్క చేతికిచ్చిన పసివాడును గీయును. అవి రెండు తావుల గనబడినంతమాత్రమున సంబంధము సిద్ధింపదు. ఇంటికప్పును బోలిన గురుతొకటి కలదు. అది దాదాపుగా ఫ్రాన్సులోని డోర్డోన్ సీమలోనే కానవచ్చును. అట్టిది నేర్చినవారు నేర్పగా వచ్చినదే కావలెను. గ్రంథబల మంతయు నీ యరుదైన గురుతులయందున్నదని మా యభిప్రాయము. ఇవి లిపి యని యామె చెప్పకుండుటయు మెచ్చదగినది.

మనవారి కీ నిగ్రహము లేదు. కడపసీమలోని చింతకుంట యొద్ద రాతిచఱియలపై ఎఱుపు, తెలుపు చిత్రములు కలవు. బళ్లారి చెంత కుప్పగల్లు కొండపై చెక్కిన యెద్దులను గూర్చి ఫాసెట్టు దొర 1892లోనే వ్రాసెను. ఇట్టిచోట త్రిభుజము కనబడినచో యంత్రమనియు, వలయము కనబడినచో చక్రమనియు మనలో గొందఱు తీర్పు చెప్పివేయుదురు. మా కదిరిలో ప్రతియుదయము ముగ్గు వేయు నిల్లాండ్రను అర్థ మడుగుడు: "మా అమ్మ ఇట్లే వేసేది" యని తఱచు వచ్చు ప్రత్యుత్తరము. బ్రదికియున్నవారి గీతకే యర్థము చెప్పుట యింత కష్టమైనప్పుడు, వేలయేండ్లనాటి గీతకు మంత్రశాస్త్రము నంటగట్టుట యేమి పాండిత్యము? ఏ గీత ముందు, ఏది పిదప యని కనిపెట్టుటలో ముగ్గెఱిగిన యాడువారే మా వంటి సంస్కృతపండితులకంటె మేలని మా నమ్మకము.

కుప్పగల్లులో రాతిత్రవ్వకముల వలన గొన్ని చెక్కడము లిదివఱకే చెడిపోయినవి. ఇట్టి కొండలకు బోవువారు చిత్రములపై నీళ్లు చల్లక, సుద్దముక్కతో దిద్దక, కొలబద్ద ప్రక్కనుంచి ఛాయాపటము మాత్రము తీసికొని రావలెను.